ఆ ఒక్క రోజు ఎందుకు తీసేశాం?

ఛత్తాబజార్‌లో పెళ్లికార్డు వేయించుకోవడానికి వచ్చేవాళ్లు మొదట కార్డు రంగు చూస్తారు, తర్వాత ధర అడుగుతారు, ఆ తర్వాత పేర్లలో అచ్చుతప్పులు వెతుక్కుంటారు. తేదీ జోలికి పెద్దగా పోరు. తమ ఇంటి పెళ్లి తేదీ తమకి తెలుసు కదా! కానీ ఉర్దూ కార్డు మీద (హైదరాబాదులో దాన్ని రుఖా అంటారు) ఇంగ్లిషు తేదీ పక్కన హిజ్రీ తేదీ కూడా ఉంటుంది. దాన్ని చూసేది ఇంట్లో పెద్దవాళ్లే. మా మామ ప్రెస్సులో ఒక పెళ్లికి వేసిన 400 రుఖాల మీద ఆ రెండో తేదీ ఒక రోజు ముందుకి జరిగి పడింది. పట్టుకున్నది పెళ్లికూతురి నానమ్మ. కార్డులన్నీ మళ్లీ వేయాల్సొచ్చింది.

ఈ సంగతి మామ నాకు ఒక ఫంక్షన్లో, భోజనాల దగ్గర, మాటల్లో మాటగా చెప్పాడు. “పిల్లగాడు నీ ప్రోగ్రాముల ఏదో కెలికిండురా. 400 కార్డులు పాయె. జీతంల కట్ చేసిన.”

ప్రోగ్రాము నాదే. చదువు అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న రోజుల్లో రాసిచ్చాను. పేర్లు, వేదిక, తేదీ ఒకచోట టైపు చేస్తే, తెలుగు కార్డుకి ఒకలా, ఇంగ్లిషు కార్డుకి ఒకలా, రుఖాకి ఒకలా ఆ వివరాల్ని పేర్చి ఇస్తుంది. డిటిపి చేసేవాళ్లు దాన్ని తీసుకెళ్లి పేజీలో పెట్టుకుంటారు. 200 వరసలు కూడా లేని చిన్న ప్రోగ్రాము. రాసిచ్చి, మా మామ చేత చాయ్ తాగించుకుని, మరిచిపోయాను. అది మాత్రం ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది.

ఆ కుర్రాడు కెలికింది అందులో ఒకే ఒక్క వరస. పెళ్లి తేదీలోంచి ఒక రోజు తీసేసి, వచ్చినదాన్ని హిజ్రీలోకి మార్చమని చెప్పే వరస. ఎందుకు తీసెయ్యాలో నేను ఎక్కడా రాయలేదు. అతను తెలివైనవాడు. ఆలోచించాడు. హిజ్రీ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుందని అతనికి తెలుసు. ఈ ఒక్క రోజు సవరణ అందుకోసమే అయ్యుంటుందనుకున్నాడు. అలా అయితే మగ్రిబ్ తర్వాత జరిగే నిఖాకి ఒక రోజు కలపాలి గానీ తీసెయ్యకూడదు కదా? రాసినవాడు కూడిక బదులు తీసివేత పెట్టాడని తేల్చుకున్నాడు. కలపడానికి ధైర్యం చాలలేదు. ఉన్న తప్పునైనా తీసేద్దామని ఆ తీసివేతని చెరిపేశాడు.

ఇందులో నిర్లక్ష్యం ఎక్కడుంది? కారణం దొరకని చోట తనకి తెలిసిన కారణాన్ని పెట్టుకున్నాడు. మందబుద్ధి అయితే ఆ వరస జోలికే వెళ్లేవాడు కాదు, కార్డులు సరిగ్గానే వచ్చేవి. నిందపడింది ఆలోచించినవాడి మీద. సంగతి తెలిశాక అతన్ని వెతుక్కుంటూ వెళ్లాను. అప్పటికే వేరే షాపులో చేరాడు. కోత పడిన డబ్బు చేతిలో పెట్టబోతే మొదట వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు. నేను క్షమాపణ చెప్పడం మొదలుపెట్టగానే మధ్యలోనే ఆపి, “ఒక్క ముక్క రాసిపెడ్తే అయిపోయేది గద, అన్నా” అన్నాడు.

ఆ మాటని నేను ఇంకా మోస్తున్నాను. పని చేసిపెట్టడం వేరు, ఆ పనికి కారణం చెప్పడం వేరు. మొదటిదానికి మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను కూడా. రెండోదానికి ఎవరికీ మాట ఇవ్వలేదు. ఇవ్వని మాటకి బాకీ పడతామా? మనం ఎప్పటికీ కలవని, మన తర్వాత ఎప్పుడో వచ్చే మనిషికి మన కారణాలు తెలుసుకునే హక్కు ఉంటుందా?

*

ఈ ప్రశ్నని మా వృత్తిలో అందరికంటే సూటిగా అడిగినవాడు డోనాల్డ్ క్నూత్. విచిత్రమేమిటంటే, ఆయన అక్కడికి అచ్చుపని గుండానే వచ్చాడు. 1977లో తన పుస్తకం రెండో సంపుటం కొత్త కూర్పుకి ప్రూఫులు వచ్చాయి. సీసపు అక్షరాల కాలం పోయి ఫోటో టైప్‌సెట్టింగ్ వచ్చిన రోజులు. గణిత సమీకరణాలు చూడ్డానికి ఏమీ బాగా లేవు. దాంతో తన పనులన్నీ పక్కనబెట్టి, అక్షరాలు పేర్చే ప్రోగ్రాము తనే రాయడానికి కూర్చున్నాడు. అదే టెక్. అంత పెద్ద ప్రోగ్రామును పదిమందీ చదివి అర్థం చేసుకునేలా ఎలా రాయాలన్న ఆలోచనలోంచి ‘వెబ్’ అనే పద్ధతి పుట్టింది. మనకిప్పుడు తెలిసిన వెబ్ అప్పటికి ఇంకా రాలేదు. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరు లిటరేట్ ప్రోగ్రామింగ్. 1984లో ‘ది కంప్యూటర్ జర్నల్’లో ఆ పేరుతోనే వ్యాసం రాశాడు. 1986లో టెక్ ప్రోగ్రాము మొత్తాన్ని, వివరణతో సహా, ఒక పుస్తకంగా అచ్చువేశాడు.

పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. మామూలుగా మనం కోడు రాస్తాం, బుద్ధి పుడితే మధ్యమధ్యలో ఒక వ్యాఖ్య రాస్తాం. క్నూత్ దీన్ని తిరగేశాడు. మనిషికి చెప్పాల్సిన వివరణే అసలు ఫైలు. కోడు అందులో అక్కడక్కడా చిన్న ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్కకీ ఒక పేరు ఉంటుంది. టాంగిల్ అనే ప్రోగ్రాము ఆ ఫైల్లోంచి ముక్కలన్నీ ఏరి, యంత్రం అడిగే వరసలో పేర్చి ఇస్తుంది. వీవ్ అనే ఇంకో ప్రోగ్రాము అదే ఫైల్లోంచి మనిషి చదువుకునే పుస్తకం తీసి ఇస్తుంది. ఒకటి చిక్కువేయడం, ఇంకోటి నేయడం. టాంగిల్ ఇచ్చే కోడు చదవడానికి వీల్లేనంత ఇరుకుగా, కిక్కిరిసి ఉండేది. అది కావాలని చేసిన పనే. మార్చాల్సిందేమైనా ఉంటే వివరణ ఉన్న చోటే మార్చాలి తప్ప, తీసిన కోడులో చెయ్యి పెట్టకూడదు.

ఇప్పుడు దీనికి ప్రత్యేకమైన సరంజామా ఏమీ అక్కర్లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఖగోళశాస్త్రం చెప్పే కార్స్టెన్ డొమినిక్ 2003లో తన నోట్సు రాసుకోవడం కోసం ఆర్గ్ మోడ్ మొదలుపెట్టాడు. సాదా టెక్స్టు ఫైలు. శీర్షికలు, పేరాలు, చెయ్యాల్సిన పనుల పట్టికలు. తర్వాత దానికి కోడు ముక్కల్ని వెలికితీసే సౌకర్యం చేరింది. ఆ ఆజ్ఞ పేరు ఇప్పటికీ టాంగిలే. ప్రెస్సు ప్రోగ్రామును నేను తిరగరాసింది ఇందులోనే.

తెలుగువాళ్లకి ఈ పద్ధతి కొత్తగా అనిపించకూడదు. పద్యం చదువుకున్న ప్రతివాడికీ అన్వయం అంటే ఏమిటో తెలుసు. పద్యంలో మాటల వరసని ఛందస్సు నిర్ణయిస్తుంది. కర్త ఎక్కడో నాలుగో పాదంలో ఉంటుంది, క్రియ మొదటి పాదంలోనే వచ్చేస్తుంది. అర్థం కావాలంటే ఆ మాటల్నే మనిషి ఆలోచించే వరసలోకి మార్చుకోవాలి. తర్వాత టీక, తాత్పర్యం. కంపైలరు కూడా ఛందస్సు లాంటిదే. ఏది ముందు చెప్పాలో, ఏది తర్వాత రావాలో అదే శాసిస్తుంది. అన్వయాన్ని ముందు రాసి, దాంట్లోంచి పద్యం తీయమన్నాడు క్నూత్. మన వ్యాఖ్యాతలు చేసింది దీనికి తిరగబడిన పని.

ఆ వ్యాఖ్యాతల్లో పెద్దవాడు మనకి దగ్గరివాడే. కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి ఊరు కొలిచలమ, అంటే ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కర్లేనిదేదీ చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. నోట్సు రాసే ప్రోగ్రామరుకి ఇంతకంటే మంచి నియమం నాకు ఎక్కడా దొరకలేదు. అయితే మల్లినాథుడికి, నాకు ఒక తేడా ఉంది. ఆయన ఇంకొకరి మాటకి వ్యాఖ్య రాశాడు. నేను రాయాల్సింది నా మాటకే. ఇంకొకరి ఉద్దేశం తెలియలేదంటే తప్పులేదు. నా ఉద్దేశం నాకే తెలియకపోతే?

తిరగరాయడానికి కూర్చున్న రోజు నాకు ఎదురైంది సరిగ్గా అదే.

*

నోట్సు బాగానే మొదలైంది. ఈ ప్రోగ్రాము ఎవరికోసం, ఏమేం అడుగుతుంది, ఏమిస్తుంది. తెలుగు కార్డులో తిథి, నక్షత్రం, ముహూర్తం మేం లెక్క కట్టం, పంతులుగారు రాసిచ్చిన కాగితంలో ఎలా ఉంటే అలాగే వేస్తాం, ఎందుకంటే అది ఆయన బాధ్యత. ఇలా ఒక పేజీ సాఫీగా నడిచింది. తర్వాత హిజ్రీ వరస వచ్చింది. “ఇక్కడ ఒక రోజు తీసేస్తున్నాం, ఎందుకంటే” అని రాసి ఆగిపోయాను.

నాకు తెలిసింది ఒక్కటే. అప్పట్లో ప్రెస్సులో ఉర్దూ పని చూసే పెద్దాయన చెప్పాడు కాబట్టి తీశాను. ఆయన కాతిబ్. కలంతో నస్తలీఖ్ రాసేవాడు. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక కలం పని తగ్గుతూ వచ్చింది. ఆయన కంప్యూటరు ముందుకి మారాడు గానీ, ఇన్‌పేజ్ నేర్చుకున్న కుర్రాళ్లు తేదీల కోసం, పేర్ల ముందు వేసే మర్యాదల కోసం ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు. అందరం చాచా అనేవాళ్లం. నా ప్రోగ్రాము ఇచ్చిన మొదటి తేదీని చూసి, కళ్లజోడు పైకి తోసుకుని, “ఏక్ దిన్ కమ్ కర్ దేవ్ బాబూ. చాంద్ కా మామ్లా హై,” అన్నాడు. ఒక రోజు తగ్గించు, ఇది చంద్రుడి వ్యవహారం అని. నేను తలూపి తగ్గించాను. చంద్రుడి వ్యవహారం ఏమిటని అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

ఆ వాక్యంలో సగం యంత్రానికి పనికొచ్చింది, దాన్ని ఉంచుకున్నాను. రెండో సగం మనిషికి పనికొచ్చేది. దాన్ని పారేశాను.

ఇక నేనే వెతుక్కోవాల్సొచ్చింది. హిజ్రీ నెల అమావాస్య తర్వాత నెలవంక కనపడితే మొదలవుతుంది. 29వ రోజు సాయంత్రం కనపడితే మర్నాడు కొత్త నెల, కనపడకపోతే 30 రోజులు పూర్తి చేస్తారు. దీన్ని ముందే లెక్కకట్టే పద్ధతులు ఉన్నాయి. ఒకటి పట్టిక లెక్క. నెలలకి 30, 29 చొప్పున మార్చి మార్చి రోజులిచ్చి, 30 ఏళ్ల చక్రంలో 11 ఏళ్లకి ఒక్కో రోజు కలుపుతారు. ఇంకోటి సౌదీ అరేబియా అధికారికంగా వాడే ఉమ్మ్ అల్ ఖురా క్యాలెండరు. కంప్యూటర్లలో తయారుగా దొరికేది ఎక్కువగా ఇదే. నేను వాడిందీ ఇదే. అది మక్కా లెక్క. ఇక్కడ నెలవంకని ఇక్కడి ఆకాశంలో చూస్తారు. అందుకని మన తేదీ తరచుగా అక్కడికంటే ఒక రోజు వెనక ఉంటుంది. చాచా చెప్పిన చాంద్ కా మామ్లా ఇదే.

కారణం దొరికిందని సంతోషించి, ఇంకా గట్టిపరుచుకుందామని ప్రెస్సులో మూలన కట్టలు కట్టి ఉన్న పాత ఉర్దూ పత్రికలు దించాను. వాటి తలకట్టు మీద ఆ రోజు హిజ్రీ తేదీ ఉంటుంది. నెలకి ఒకటి చొప్పున తీసి నా లెక్కతో పోల్చాను. ఎక్కువ నెలల్లో ఒక రోజు వెనక. అన్ని నెలల్లోనూ కాదు.

అంటే నేను ఇన్నేళ్లూ నియమం అనుకున్నది ఒక అలవాటు. అచ్చులో కంపు కొట్టనిది, చాలాసార్లు నిజమయ్యేది, అంతే. అసలు రుఖాలు పెళ్లికి నెలా రెండు నెలల ముందే వేస్తారు. ఆ నెలకి చంద్రుడు ఇంకా కనపడనే లేదు. కార్డు మీద వేసే హిజ్రీ తేదీ ఎప్పుడూ ఒక అంచనాయే. చాచాకి ఆ సంగతి బాగా తెలుసు. ప్రతి కార్డుకీ గోడ మీది క్యాలెండరు చూసి, ఒక్కోసారి ఎవరికో ఫోన్ చేసి, అప్పుడు సరే అనేవాడు. ప్రోగ్రాము వచ్చాక ఆ చూడడం, ఆ ఫోను రెండూ పోయాయి. ఆయన అనుమానాన్ని నేను ఒక అంకెగా మార్చేశాను. అంకెలో అనుమానం నిలవదు.

*

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే. లిటరేట్ ప్రోగ్రామింగ్ గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా వివరణ గురించి మాట్లాడతారు. కోడు ఏం చేస్తుందో తెలియచెప్పాలి అంటారు. నాకు మాత్రం అది రెండో విషయం అనిపిస్తుంది. కోడు ఏం చేస్తుందో ఓపికుంటే కోడు చదివే తెలుసుకోవచ్చు. కోడు ఎంత చదివినా దొరకనిది, రాసినవాడికి ఆ వరస మీద ఎంత నమ్మకం ఉందన్నది. రెండూ రెండూ నాలుగు అన్నదీ, ఒక రోజు తీసెయ్ అన్నదీ యంత్రం ఒకే గొంతుతో చెబుతుంది. అందులో ‘బహుశా’ లేదు. ‘చాచా చెప్పాడు’ లేదు. ‘రంజాను నెల దగ్గర ఒకసారి అడిగి చూడు’ లేదు. మనిషి భాషలో ఉన్నన్ని సందేహార్థకాలు ఏ ప్రోగ్రామింగ్ భాషలోనూ లేవు. అందుకని, తెలియని సంగతిని కోడుగా రాసి ఊరుకున్నామంటే, తెలియదన్న సంగతిని దాచిపెట్టినట్టే. అబద్ధం ఆడలేదు, నిజమే. కానీ అవతలి మనిషి మోసపోయాడు, జీతం పోగొట్టుకున్నాడు.

క్నూత్ తన వ్యాసంలో ఒక చిలిపి మాట అంటాడు. ఈ పేరు పెట్టడం ద్వారా తను వినేవాళ్ల మీద ఒక నైతికమైన ఒత్తిడి తెస్తున్నానని ఒప్పుకుంటాడు. తన ప్రోగ్రాము నిరక్షరాస్యమైనదని ఎవరు చెప్పుకుంటారు? చదివి నవ్వుకున్నాను గానీ, ఆ పోలికతో నాకు పేచీ ఉంది. పాతబస్తీలో పెరిగినవాడికి అక్షరం రాని మనుషులు తెలుసు. ఆ నానమ్మకి ఎన్ని అక్షరాలు వచ్చో నాకు తెలియదు గానీ, తేదీ తప్పని పట్టుకోవడమే కాదు, ఎందుకు తప్పో కూడా చెప్పింది. మూడు లిపులు చదవగలిగిన నేను ఆ పని చెయ్యలేకపోయాను. సిగ్గుపడాల్సింది అక్షరం రానందుకు కాదు, వచ్చీ రాయనందుకు.

దీనికి ఎదురు చెప్పేవాళ్లున్నారు. వాళ్లలో మొదటివాడు డగ్లస్ మెకిల్‌రాయ్. 1986లో జాన్ బెంట్లీ తన శీర్షిక కోసం క్నూత్‌కి ఒక చిన్న లెక్క ఇచ్చాడు. ఒక పాఠంలో ఎక్కువసార్లు వచ్చిన మాటలేవో వరసగా చెప్పాలి. క్నూత్ లిటరేట్ పద్ధతిలో పేజీల కొద్దీ అందమైన ప్రోగ్రాము రాశాడు. సమీక్షించమని ఇస్తే మెకిల్‌రాయ్ దాన్ని మెచ్చుకుంటూనే, యూనిక్స్‌లో అప్పటికే ఉన్న పరికరాల్ని కలిపి 6 ఆజ్ఞల్లో అదే పని చేసి చూపించాడు. పని చిన్నదైతే వివరణ కూడా చిన్నదిగానే ఉండాలి. ఒప్పుకుంటాను. అందుకే మల్లినాథుడి ఒట్టులో రెండో సగం నాకు ముఖ్యం. అక్కర్లేనిది చెప్పకు. నా 200 వరసలకీ వివరణ అక్కర్లేదు. ఒక్క వరసకి కావాలి. కాకపోతే ఆ వరస ఏదో, వాక్యం పూర్తిచేయలేక ఆగిపోయేదాకా నాకే తెలియలేదు. అన్నిటికీ రాయబోతేనే అది దొరికింది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. టాంగిల్ ఉన్నంత మాత్రాన నోట్సు నిజమైపోదు. నోట్సులో ఉన్న కోడే నడుస్తోందని అది హామీ ఇస్తుంది. పక్కనున్న మాటలు నిజమా కాదా అన్నది చూడదు. రేపు ఎవరైనా కోడు ముక్కని మార్చి పేరాని అలాగే వదిలేస్తే, నోట్సు చక్కటి తెలుగులో అబద్ధం చెబుతూ ఉంటుంది. కోడు తప్పయితే నానమ్మ పట్టుకుంటుంది. పేరా తప్పయితే పట్టుకునేవాళ్లు లేరు. దీనికి సాంకేతికమైన మందేదీ నాకు కనపడలేదు. మాటని నిలబెట్టేది రాసేవాడి మర్యాద ఒక్కటే. ఈ పద్ధతి చేసే మేలల్లా, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టడం. కోడు మార్చే మనిషి పేరాని దాటుకుని వెళ్లాలి. దాటేటప్పుడు కాస్త గుచ్చుకుంటుంది.

ఇక మూడోది, నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది. చాచా చేతిలోంచి కలం పోయాక ఆయన్ని ఆ ప్రెస్సులో నిలబెట్టింది ఆయన తలలో ఉన్న ఇలాంటి సంగతులే. అవన్నీ నేను ముందే అడిగి, చక్కగా ఫైల్లో రాసిపెట్టి ఉంటే? కుర్రాడి జీతం మిగిలేది. చాచా జీతం? ఏ వృత్తిలోనైనా గుట్టు దాచుకునేవాళ్లని చూసి మనం స్వార్థం అంటాం. ఆ గుట్టే వాళ్ల పింఛను అని మరిచిపోతాం. నోట్సులోంచి కోడు తీయడం బాగానే ఉంది, మనిషిలోంచి నోట్సు తీసేటప్పుడు మాత్రం ఇంకో లెక్క కూడా చూసుకోవాలి.

అయితే చాచా దాచుకోలేదు. అడక్కుండానే చెప్పాడు. వినాల్సింది సగమే విన్నది నేను. ఆ కారణాన్ని ఆయన మాటగా, ఆయన పేరుతో రాసిపెట్టి ఉంటే, తేదీ తేడా వచ్చిన ప్రతిసారీ జనం ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు. ఆయన అవసరం తగ్గేది కాదేమో, ఇంకా తెలిసొచ్చేదేమో. కారణం లేని అంకెగా మార్చడం వల్లే ఆయన అక్కర్లేనివాడయ్యాడు. ఇది నన్ను నేను ఊరడించుకోవడానికి చెప్పుకుంటున్న మాట కావచ్చు. నాకు ఖాయంగా తెలియదు. అందుకే ‘ఏమో’ అని రాస్తున్నాను.

ఈ మధ్య నోట్సులోంచి కోడు తీయడం ఇంకో దారి పట్టింది. కావాల్సింది మామూలు మాటల్లో చెబితే కృత్రిమ మేధ కోడు రాసి ఇస్తోంది. చూడ్డానికి క్నూత్ కలగన్నదే జరిగినట్టుంటుంది. కాదు. టాంగిల్ కొత్తగా ఏమీ రాయదు, ఉన్నదాన్నే ఏరి ఇస్తుంది. ఒకే నోట్సుకి ఎన్నిసార్లు అడిగినా ఒకే కోడు. ఇక్కడ కోడు వచ్చాక మనం అడిగిన మాటల్ని పారేస్తాం, కోడుని ఉంచుకుంటాం. నేను చాచా వాక్యానికి చేసిందే, ఇప్పుడు రోజూ, పెద్ద ఎత్తున. ఆ కోడులో కూడా ఎక్కడో ఒక రోజు తీసేసి ఉంటుంది. ఎందుకు తీశావని అడిగితే ఏదో ఒక కారణం చక్కగా చెబుతుంది కూడా. ఆ కుర్రాడు ఊహించుకున్న కారణం కూడా చక్కటిదే.

*

ప్రెస్సులో ఇప్పుడున్నది ఒకే ఒక్క ఫైలు. అందులో తెలుగుతో మొదలై మధ్యలో కోడు వస్తుంది. దాన్ని సాదా టెక్స్టులోనే ఉంచడానికి కారణం ఉంది. మామ దగ్గర పాత తెలుగు కార్డుల ఫైళ్లన్నీ అను ఫాంట్లలో, ఉర్దూవన్నీ ఇన్‌పేజ్‌లో ఉన్నాయి. ఆ ఫాంటు, ఆ సాఫ్టువేరు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. కానీ 1990లలో అమెరికాలోని తెలుగువాళ్లు ఆర్.టి.ఎస్. పద్ధతిలో, ఇంగ్లిషు అక్షరాలతో సాదాగా టైపు చేసుకున్న తెలుగుని ఈ రోజు ఏ యంత్రం మీదైనా తెరిచి చదువుకోవచ్చు. ఒకే ఫైలు. మనిషి నేరుగా చదువుకోవచ్చు, కావాలంటే యంత్రం దాంట్లోంచి తెలుగు లిపి తీసి ఇస్తుంది. కారణాల్ని రాసిపెట్టే చోటు కూడా అంత సాదాగా ఉండాలనిపించింది.

హిజ్రీ దగ్గర కోడు మారింది. కారణం రాయబోయి కోడునే మార్చుకోవాల్సొచ్చింది. ఇప్పుడు ప్రోగ్రాము తేదీని తేల్చి ఇవ్వదు. ఇది అంచనా, ఇక్కడి క్యాలెండరుతో సరిచూసి అవునంటేనే ముందుకి వెళ్తాను అని ఆగుతుంది. మామకి ఇది నచ్చలేదు. “పాతది ఆగకపోతుండె. ఇది మాటిమాటికి అడుగుతది” అని విసుక్కుంటాడు. నిజమే. చాచా కూడా అలాగే అడిగేవాడు.

ఆ కోడు ముక్కకి పైన ఉన్న పేరా పొడుగ్గా ఏమీ లేదు. ఇక్కడ ఒక రోజు ఎందుకు తగ్గిస్తామో, అది ఎప్పుడు తప్పవుతుందో రెండు మూడు వాక్యాలు. తగ్గించేది ఇంగ్లిషు తేదీలోంచే గానీ, మార్చాక వచ్చిన హిజ్రీ తేదీలోంచి కాదని ఒక వాక్యం. అలా చేస్తే ఒకటో తేదీ నాడు సున్నా పడుతుంది, మొదట్లో నాకు పడింది. ఈ సంగతి చెప్పింది ఎవరో. ఆయన అన్న మాట, ఆయన అన్నట్టే, ఆయన భాషలోనే. చివర్లో ఒక కుర్రాడు దీన్ని ఎందుకు చెరిపేశాడో, అతని ఆలోచన ఎంతవరకు సరైనదో కూడా రాశాను. అతని పేరు రాయలేదు. జీతంలో కోత సంగతి రాశాను. ఆ ఫైలు తెరిచేవాళ్లు అది చదివాకే ఆ వరస దగ్గరికి వస్తారు.